మగవాళ్ళ సెంటా ఇది? ఈ తడికట్టెల వాసన నన్ను వదలట్లేదు

మల్లెల_శత్రువు
తీపి సెంట్లంటే నాకు మొదటినుంచీ పడదు. వనిల్లా, పీచ్, కారమెల్... ఏది కొట్టుకున్నా బేకరీలో పనిచేసి వచ్చినట్టు ఉంటుంది. పెళ్ళికి వచ్చిన గులాబీరంగు సీసాలు నాలుగు ఇప్పటికీ బీరువాలో సీలు తీయకుండా ఉన్నాయి. అలాంటిది పోయిన నెల ఆఫీసులో ఒకామె 5 మి.లీ. డీకాంట్ (పెద్ద సీసాలోంచి చిన్నదాంట్లో పోసింది) ఇచ్చింది. లాలిక్ వాళ్ళ ఆంక్ర్ న్వార్. (నేను ఎంక్రే నొయిరే అని చదివాను, నవ్వకండి. నల్ల సిరా అని అర్థమట.)

కొట్టుకోగానే వాన వెలిశాక పెరట్లో పేర్చిన కట్టెలు, అప్పుడే చెక్కిన పెన్సిల్ పొట్టు, కాస్త సిరా. ఛీ అనుకున్నాను. రెండు గంటలయ్యాక మణికట్టు దగ్గర వేరే వాసన మిగిలింది. పొగా కాదు, మట్టీ కాదు. మీటింగులో ఐదు నిమిషాలకోసారి చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంటుంటే మా మేనేజర్ జలుబు చేసిందా అని అడిగాడు.

ఇంట్లో మాత్రం పెద్ద గొడవ. మా ఆయన "తడికట్టెలు" అంటాడు. అత్తయ్యగారు "మగవాళ్ళ సెంటు నీకెందుకమ్మా" అంటారు. వెబ్‌సైట్లలో చూస్తే నిజంగానే మగవాళ్ళ విభాగంలో పెట్టారు. నాకు రెండు సంగతులు చెప్పండి. ఆడవాళ్ళు ఇలాంటివి వాడుతున్నారా? అసలు ఈ చీకటి వాసనలో ఏముందని ఇంతలా లాగుతోంది?

ఆవిరికుడుము
తడికట్టెలకి డబ్బులు కూడా పెడుతున్నారా! మా చావిడి పక్కన బండెడు ఉన్నాయి. సీసా మీరే తెచ్చుకోండి.

మూడోపూట
పెట్టె మీద రాసేది అమ్మేవాడి సౌకర్యం కోసం. వాసనకి ఆడా మగా ఏంటండీ.

మీ అత్తయ్యగారికి ఒక ముక్క చెప్పండి. ఆ సెంటు తయారుచేసింది నతాలీ లోర్సన్, ఆవిడ ఆడమనిషే. 2006లో వచ్చింది. మూడేళ్ళకి ఆడవాళ్ళ కోసమని ఇంకోటి కూడా తెచ్చారు. కొన్నాళ్ళు నా దగ్గర ఉండేది. మరీ మర్యాదస్తురాలు, చెల్లికి ఇచ్చేశాను. అసలు సరుకు మీ దగ్గరున్నదే.

చెక్క వాసన ఆడవాళ్ళకి పనికిరాదనేది కూడా పాత మాటే. 1992లోనే షిసేడో వాళ్ళు ఫెమినితే దు బువా అని సీడార్ చెక్క చుట్టూ ఆడవాళ్ళకే సెంటు చేశారు. 1994లో సీకే వన్ వచ్చి ఒకే సీసా ఇద్దరికీ అని అమ్మేసింది. కాకపోతే అది నిమ్మకాయ నీళ్ళలా తేలిక. మీకు కావాల్సిన చీకటి అందులో దొరకదు.

పాతబస్తీ_చాయ్
ఇద్దరికీ ఒకే సీసా అన్నది వాళ్ళకి 1994లో తెలిసిందా! పత్తర్‌గట్టిలో మా మామ కొట్టు పక్కనే అత్తరు దుకాణం. చిన్నప్పుడు సెలవులన్నీ ఆ గుమ్మం దగ్గరే గడిచాయి. వచ్చినవాళ్ళని ఆడవాళ్ళకా మగవాళ్ళకా అని అడగడం నేనెప్పుడూ వినలేదు. ఎండాకాలానికా చలికాలానికా అని అడుగుతారు, అంతే. ఎండాకాలమైతే ఖస్, మిట్టీ (తడిమట్టి వాసన). చలికాలమైతే షమామా, హినా, ఊద్ (అగరు).

సీసా మూతకున్న గాజు పుల్లతో చేతి వెనక గీత గీస్తారు. ఊదొద్దు, రుద్దొద్దు, అలా బజారంతా తిరిగి రా అంటారు. ఒక చాయ్ తాగి వచ్చి అప్పుడు వాసన చూడాలి. మా నాన్న శుక్రవారం చెవి మడతలో పెట్టుకున్న అత్తరు దూది ఆదివారం దిండు గలీబు మార్చేటప్పుడు కూడా తెలిసేది.

మీరు వాడేది వట్టివేరు, అంటే మా ఖస్. సిరా గిరా అని ఫ్రెంచి వాళ్ళు పేరు పెట్టారు.

మల్లెల_శత్రువు
@పాతబస్తీ_చాయ్ ఆగండాగండి. వట్టివేరా? కుండలో వేసుకునే వట్టివేరా?

పాతబస్తీ_చాయ్
అదే. ఫ్రెంచి వాళ్ళు దాన్ని వెటివే అంటారు. మాట కూడా తమిళం నుంచి పోయిందే.

బెజవాడ_ఎండ
నాకు ఈ నల్లచెక్క వాసనల పిచ్చి అర్థం కాదు. మే నెలలో బెజవాడ బస్టాండులో ఊద్ కొట్టుకున్నవాడి పక్కన నిలబడి చూడండి, తెలుస్తుంది. ఏసీ గదుల్లో కూర్చుని 'డార్క్', 'మిస్టీరియస్' అంటారు. చెమట తోడైతే మిస్టరీ ఏమీ ఉండదు. ఎడారి దేశాల్లో గాలి పొడిగా ఉంటుంది, అక్కడ నప్పుతుంది. ఇక్కడ సబ్బు వాసన చాలు.

మూడోపూట
@బెజవాడ_ఎండ ఊద్ వేరు, వట్టివేరు వేరు. ఎండాకాలం తలుపులకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేది మన వాళ్ళే కదా. కూలర్ గడ్డి ఏమనుకున్నారు?

బెజవాడ_ఎండ
కూలర్ గడ్డి చెక్క పొట్టు. మీరు చెప్పేది డబ్బున్న వాళ్ళ కూలర్.

కెమిస్ట్రీ_బ్యాక్‌బెంచ్
రెండో ప్రశ్న గురించి. నిమ్మ, నారింజ లాంటి వాసనల్లో అణువులు చిన్నవి, చప్పున ఆవిరైపోతాయి. చెక్క, జిగురు, వేరు వాసనల అణువులు బరువు. ఒంటి వేడికి మెల్లగా లేస్తాయి. అందుకే మొదటి పావుగంట చూసి సెంటు కొనకూడదు. మీరు ఛీ అనుకున్నది పైపొర, ముక్కుకి అతుక్కున్నది అడుగుపొర.

ఇంకో చిక్కుంది. ఇప్పటి చెక్క సెంట్లలో ఐసో ఈ సూపర్ అనే కృత్రిమ పదార్థం బాగా వాడతారు. మెత్తగా, సీడార్ చెక్క మీద వెల్వెట్ పరిచినట్టు ఉంటుంది. 2006లో మాలిక్యూల్ 01 అని దాదాపు అదొక్కటే సీసాలో పోసి అమ్మారు. దాన్ని కొందరి ముక్కు సరిగా పట్టదు. పట్టినవాళ్ళకి కూడా మధ్యమధ్య మాయమై మళ్ళీ వస్తుంది. కొట్టుకున్నవాడు వాసన పోయిందనుకుని ఇంకో రెండు కొడతాడు. పక్కవాడు చస్తాడు.

మల్లెల_శత్రువు
బుధవారం నేను సరిగ్గా అదే చేశాను. మొత్తం ఆరు సార్లు. మా క్యాబ్ డ్రైవర్ నాలుగు అద్దాలూ దించాడు.

లిఫ్టులో_ఇరుక్కున్నాను
నా ఐడీ చూస్తున్నారుగా, ఊరికే పెట్టుకోలేదు. మా ఫ్లోర్‌లో ఒకతను ఏదో ఊద్ వాడతాడు. ఉదయం తొమ్మిదింటికి లిఫ్టెక్కితే ఆ వాసన పదకొండో అంతస్తు దాకా నాతో వస్తుంది. అతను ఎక్కకపోయినా సరే. నాకు మైగ్రేన్. హెచ్చార్‌కి మెయిల్ పెడితే 'సున్నితమైన విషయం' అని జవాబిచ్చారు. నా తలకాయ సున్నితం అని ఎవరికీ పట్టలేదు.

సెంటు వాడొద్దని అనను. ఒక్కసారి కొట్టుకోండి చాలు. చీకటి వాసనలు ఇష్టమైనవాళ్ళు చీకట్లోనే కొలత వేస్తారేమో.

కెమిస్ట్రీ_బ్యాక్‌బెంచ్
@లిఫ్టులో_ఇరుక్కున్నాను తలనొప్పి తెప్పించేది నిజమైన ఊద్ కాకపోవచ్చు. చవక 'ఊద్' స్ప్రేలలో సూదిలా గుచ్చుకునే వుడీ అంబర్ రసాయనాలు పోస్తారు. చొక్కా రెండుసార్లు ఉతికినా పోవు. నాక్కూడా కణతల దగ్గర లాగుతుంది.

డల్లాస్_గోంగూర
ఇక్కడ కొన్నాళ్ళు ఎక్కడ చూసినా సాంటల్ 33 వాసనే. లె లాబో వాళ్ళది, 2011లో వచ్చింది. ఆడామగా తేడా లేకుండా హోటల్ లాబీల్లో, కాఫీ షాపుల్లో అదే. పేరు చూసి మన గంధం అనుకుని చిన్న సీసా కొన్నాను. ఇంటికొచ్చి కొట్టుకుంటే మావాడు "డాడీ, పికిల్" అన్నాడు. ఇక్కడి దోసకాయ పికిల్. వాడొక్కడే కాదు, చాలామందికి దాంట్లో అదే తగులుతుందట.

మా ఆవిడ తీర్పు: "ఆవకాయ వాసన వచ్చినా అర్థం ఉండేది."

ఏలూరు_కాలవ
విదేశీ సీసాల వెంట పడటం మానండి ముందు. మన శేషాచలంలో ఎర్రచందనం ఉంది. ఈ చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. దాని నూనెతో మంచి సెంటు చేసి అమ్ముకోవచ్చు కదా, ఎవడికీ బుర్ర లేదు.

రాయచోటి_రాయి
@ఏలూరు_కాలవ అన్నా, ఎర్రచందనానికి వాసన లేదు.

ఏలూరు_కాలవ
లేకపోతే కోట్లు పెట్టి ఎందుకు ఎత్తుకుపోతారు?

రాయచోటి_రాయి
రంగుకి, చేవకి. చైనాలో ఫర్నిచర్ చేస్తారు, జపాన్‌లో వాద్యాలకి వాడతారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎర్రచందనం బొమ్మలుండేవి. తడిపితే చేతికి ఎరుపు అంటేది కానీ వాసన మామూలు చెక్కదే. వాసన ఉండేది శ్రీగంధానికి, అది వేరే చెట్టు. దానికి కూడా బెరడులో ఏం ఉండదు, లోపలి చేవలో, వేళ్ళలో ఉంటుంది నూనె. మైసూరులో 1916లో పెట్టిన గంధం నూనె ఫ్యాక్టరీ దానికోసమే.

బయట ఊళ్ళకి పోతే మాది రాయచోటి వైపు అనగానే "ఒక ముక్క తెస్తావా, పూజలో పెట్టుకుంటాం" అంటారు. జైలుకి పోయేది నేను, వాసన లేని పూజ మీది.

ఆవిరికుడుము
వాసన లేదు కాబట్టే చెక్‌పోస్టులో కుక్కలు కూడా పట్టుకోలేకపోతున్నాయా?

డిగ్‌బోయ్_బాబాయ్
ఊద్ మాట వచ్చింది కాబట్టి నాకు తెలిసింది రాస్తాను. ఉద్యోగం మీద అస్సాంలో పదకొండేళ్ళు ఉన్నాను. అక్కడ మన పెరట్లో కొబ్బరిచెట్లు ఉన్నట్టు ఇళ్ళ చుట్టూ అగరు చెట్లు ఉంటాయి. అస్సామీలో సాసి అంటారు. పూర్వం దాని బెరడు మీదే తాళపత్రాల్లాగా గ్రంథాలు రాసుకునేవారు.

ఆరోగ్యంగా ఉన్న చెట్టు చెక్క తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. వాసన సున్నా. పురుగు తొలిచి, ఆ గాయంలోకి బూజు దిగితే చెట్టు తన్ను తాను కాపాడుకోవడానికి జిగురు ఊరిస్తుంది. ఆ జిగురు పట్టిన చోట చెక్క నల్లబడుతుంది. అదే అగరు. మా పక్కింటాయన చెట్టు కొట్టించినప్పుడు చూశాను. మనిషెత్తు మొద్దును నిలువునా చీలిస్తే తెల్లటి చెక్క మధ్యలో పెన్సిల్ గీత లాంటి నల్లచార ఒకటి. అంతే. ఆ చార వెంబడే చిన్న ఉలితో గంటల తరబడి తెల్లచెక్క గీకేస్తారు, నల్లది మిగలాలి. చెట్టుకి జబ్బు చేస్తేనే ధర. పదిహేనేళ్ళు పెంచి కొట్టిస్తే లోపల ఏమీ లేకపోవడం కూడా మామూలే. పక్కింటాయనకి కూతురి పెళ్ళి కలిసొచ్చింది. ఎదురింటాయనకి వంటచెరకు మిగిలింది.

బట్టీలో పెట్టే ముందు చెక్క పొడిని చాలా రోజులు నీళ్ళలో నానేస్తారు. అప్పుడు దాని దగ్గర నిలబడితే నిజంగా గొడ్ల చావిడే. నూనె మొదటి వాసన కూడా అలాగే ఉంటుంది. అరగంట ఆగితే తోలు, ఎండిన పళ్ళు, పాత దేవుడిగది. అడవిలో ఈ చెట్టు కొట్టీ కొట్టీ పలచబడిపోయింది, 1995 నుంచి దేశాల మధ్య దాని వ్యాపారానికి పర్మిట్లు కావాలి.

మూడోపూట
జబ్బు చేస్తేనే ధర అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆ అస్సాం కబుర్లు ఇంకా ఉంటే రాయండి బాబాయ్.

పాతబస్తీ_చాయ్
బాబాయ్ చెప్పింది చదివాక, తోలా రెండొందలకి 'అసలైన ఊద్' అని అమ్మితే నమ్మకండి. తోలా అంటే పదకొండున్నర గ్రాముల పైచిలుకు. నిజమైన నూనె ఆ తూకానికి వేలల్లో మొదలవుతుంది, లక్ష దాటేవీ ఉన్నాయి. నేనే ఒకసారి ఆన్‌లైన్‌లో మోసపోయాను. వచ్చిన సీసాలో నూనె, చెప్పుల పాలిష్, ఫినాయిల్ మూడూ కలిపినట్టుంది. వాపసు తీసుకోమంటే సీలు తీశారు కదా అన్నారు. సీలు తీయకుండా వాసన ఎలా చూడాలో చెప్పలేదు.

మూడోపూట
పెద్ద కంపెనీల ఊద్ కూడా అంతే. ఈవ్ సాఁ లారాఁ వాళ్ళు 2002లో ఎమ్‌7 తెచ్చినప్పుడు పశ్చిమ దేశాల్లో ఊద్ కొత్త, జనానికి ఎక్కలేదు. 2007లో టామ్ ఫోర్డ్ ఊద్ వుడ్ వచ్చాక వరసపెట్టి అందరూ దిగారు. పేరులో ఊద్ ఉన్న వాటిలో చాలావరకు అగరు నూనె చుక్క కూడా ఉండదు. పోలిక తెప్పిస్తారు, అంతే.

ఆవిరికుడుము
అగరొత్తి పేరులో అగరు ఉంది, అగరొత్తిలో అగరు ఉందా? అలాగే ఇదీను.

తుంగ_పీకినోడు
ఆ పోలిక దేంతో తెప్పిస్తారో తెలుసా? ఒకటి నాగర్‌మోతా నూనె. సెంటు వాళ్ళు సిప్రియోల్ అంటారు. మన తుంగముస్తలు.

నాకు మూడెకరాలుంది. తుంగ అంటే ఏంటో రైతుని అడగండి. పైన పీకితే కింద గడ్డ మిగులుతుంది, గడ్డకి గడ్డ గొలుసు. మందు కొట్టినా, దున్నినా నెల తిరక్కుండా లేస్తుంది. మా నాన్న దాన్ని తిట్టే తిట్లు ఇక్కడ రాస్తే అడ్మిన్ నన్ను బయటికి పంపేస్తాడు. అలాంటిది మా అమ్మాయి కొనుక్కున్న సెంటు పెట్టె మీద సిప్రియోల్ అని చూసి, ఇదేంటా అని వెతికితే మా పొలమే తేలింది. గడ్డ ఒకటి తవ్వి, కడిగి, రాయితో నలిపి చూశాను. మొదట మట్టి, తర్వాత మిరియం లాంటి ఘాటు, ఆపైన చెక్క. ఆ సీసా నాలుగు వేలు. నేను ఈ ఏడు కలుపు కూలీలకి ఇచ్చింది పదకొండు వేలు.

కెమిస్ట్రీ_బ్యాక్‌బెంచ్
@తుంగ_పీకినోడు చిన్న సవరణ. పొలంలో పెరిగేదీ, సెంటు నూనె ఎక్కువగా తీసేదీ ఒకే కుటుంబం కానీ ఒకే మొక్క కాదు. నూనె తీసేది దాని బంధువు. వాసన దగ్గరగా ఉంటుంది. మూలికల కొట్లో రెంటినీ తుంగముస్తలనే ఇస్తారు.

తుంగ_పీకినోడు
మా పొలానికి వచ్చింది బీద బంధువన్నమాట. అనుకున్నాను.

మల్లెల_శత్రువు
నాలుగు రోజులు పనిలో పడి రాలేదు. ఇన్ని పోస్టులా! అన్నీ చదివాను.

శనివారం కూకట్‌పల్లిలో మూలికల కొట్టుకి వెళ్ళి తుంగముస్తలు, వట్టివేళ్ళు అడిగాను. కొట్టాయన "సున్నిపిండికా అమ్మా, బావంచాలు, కచ్చూరాలు కూడా కట్టమంటారా" అన్నాడు. వద్దని, రెండూ చెరో యాభై గ్రాములు తెచ్చాను. ముస్తలు చూడటానికి ఎండిన మేకపెంటికల్లా ఉన్నాయి, పైన వెంట్రుకల్లాంటి పీచు. రోట్లో వేసి దంచితే ముందు ఎగిరి పడ్డాయి. రెండు టీవీ కిందకి పోయాయి. ఒకటి చితికాక వచ్చిన వాసన మాత్రం... తుంగ_పీకినోడు గారు రాసినట్టే, మట్టి తర్వాత మిరియం. పక్కనే మణికట్టు మీద ఆంక్ర్ న్వార్ కొట్టుకుని మార్చి మార్చి చూశాను. వట్టివేరు దాంట్లో స్పష్టంగా ఉంది. ముస్తలది వేరే దారి, అయినా ఒకే ఊరు వాళ్ళలా ఉన్నాయి.

ఈలోగా అత్తయ్యగారు వంటింట్లోకి వచ్చి గుమ్మంలోనే ఆగారు. "ఎవరికి పురుడు వచ్చింది?" అన్నారు.

విషయమేంటంటే వాళ్ళ ఊళ్ళో బాలింతకి నలుగు పెట్టే పిండిలో ముస్తలు, వట్టివేళ్ళు దంచి వేసేవారట. స్నానం కాగానే సాంబ్రాణి పొగ. ఆ గది తలుపు తీస్తే వచ్చే వాసన ఇదేనట. "ఐదుగురు తోడికోడళ్ళం, ఆ గదిలో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళం" అన్నారు. సరే, మగవాళ్ళ సెంటు అన్న మాట ఇక వెనక్కి తీసుకుంటారు కదా అనుకున్నాను. లేదు. "పురిటి వాసన వేసుకుని ఆఫీసుకెళ్తావా, జనం ఏమనుకుంటారు" అంటున్నారిప్పుడు.

మూడోపూట
హహ్హహ్హ. మగవాళ్ళ సెంటు నుంచి పురిటింటి దాకా వచ్చింది. మీ అత్తయ్యగారి ముక్కు ముందు మేమంతా దండగ.

బెజవాడ_ఎండ
నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను. అయితే మా అమ్మమ్మ పట్టుచీరల పెట్టెలో వట్టివేళ్ళ కట్ట ఉండేదని ఇది చదివాక గుర్తొచ్చింది. ఆ వాసన బాగుండేది. పెట్టెలో ఉండేది కాబట్టి బాగుండేది. చంకల్లో కాదు.

లిఫ్టులో_ఇరుక్కున్నాను
@బెజవాడ_ఎండ ఈ మాట మా పదకొండో అంతస్తులో అతికిస్తాను.

డల్లాస్_గోంగూర
అసలు ప్రశ్నకి నా లెక్క చెప్తాను. తీపి సెంటు కొట్టుకుంటే ఎదుటివాడికి చెప్తున్నట్టు ఉంటుంది. ఇది నా కోసం కొట్టుకున్నట్టు ఉంటుంది. రాత్రి పదింటికి పిల్లలు పడుకున్నాక ఒక్కసారి కొట్టుకుని గరాజ్‌లో కూర్చుంటాను. ఎక్కడికీ వెళ్ళేది లేదు. మా ఆవిడకి ఈ సంగతి తెలియదు, తెలిస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తుంది.

ఆవిరికుడుము
గరాజ్‌లో కట్టెలు కూడా పేర్చుకోండి. ఖర్చు తగ్గుతుంది.

పాతబస్తీ_చాయ్
@మల్లెల_శత్రువు వట్టివేరు పట్టుకుంది కాబట్టి వీలుంటే రూహ్ ఖస్, అంటే అసలు వట్టివేరు నూనె, ఒక్క చుక్క వాసన చూడండి. కన్నౌజ్‌లో రాగి డేగ్‌లలో (బట్టీ మీది పెద్ద పాత్రల్లో) తీస్తారు, ఆ రాగి వల్లే నూనె పచ్చగా ఉంటుంది. ఆంక్ర్ న్వార్‌లోది గదిలో ఆరేసిన వేరు అనుకుంటే, ఇది అప్పుడే తవ్విన గుంట. ఖరీదెక్కువ, కొనమనట్లేదు. పత్తర్‌గట్టికి వచ్చి చేతి మీద గీత గీయించుకుని చాయ్ తాగి వెళ్ళండి. ఆ గీతకి డబ్బులడగరు.

మల్లెల_శత్రువు
వచ్చే ఆదివారం వస్తున్నాను. అత్తయ్యగారు కూడా వస్తానన్నారు. గాజుల కోసమట.

ఒక అనుమానం. నా 5 మి.లీ. సీసాలో సగానికి పైగా ఉండాలి. రోజుకి ఒక్కసారే కొట్టుకుంటున్నాను, ఒట్టు. ఇవాళ చూస్తే అడుగంటింది. ఇంట్లో ఉండేది ముగ్గురం. పొద్దున మా ఆయన బాత్రూంలోంచి వస్తే తడికట్టెల వాసన వచ్చింది. అడిగితే గీజర్ వాసన అంటున్నాడు.

ఆవిరికుడుము
కరెంటు గీజరేనా, కట్టెలదా?

డిగ్‌బోయ్_బాబాయ్
100 మి.లీ. తీసుకోమ్మా. మూడు వేలలోపు నేను చూశాను. చిన్న సీసాతో మీ ముగ్గురికీ చాలదు.

మల్లెల_శత్రువు
ముగ్గురికీ?? బాబాయ్, అత్తయ్యగారి మీద నాకు అనుమానం లేదండీ. ఉండండి, చీరల బీరువా చూసొస్తాను.